కళాశాల విద్యార్థికి క్లౌడు ల్యాప్‌టాపు

ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడి, డిగ్రీ ప్రవేశములకు దరఖాస్తులు మొదలైన దినములలో ఆత్మకూరు పట్టణములోను, దాని చుట్టునున్న పల్లెలలోను ఇంటింట ఒక లెక్క జరుగుచుండును. కళాశాల రుసుము ఎంత, బస్సు పాసు ఎంత, వసతిగృహములో చేర్చినచో నెలకు ఎంత అని పెద్దలు వేళ్ళు మడచి చూచుకొందురు. ఒకప్పుడు ఆ లెక్కలో చివర చేరునది ఒక రేకు పెట్టె, ఒక సైకిలు, మహా అయినచో ఒక చేతి గడియారము. ఇప్పుడు చివర చేరునది ల్యాప్‌టాపు. పద్దులలో పెద్దవాటిలో ఒకటి అదియే. అందరికంటె తక్కువ తెలిసి చేయు ఖర్చును అదియే. రుసుము ఎంతయో కళాశాల చెప్పును. పాసు ధర డిపోలో తెలియును. ఏ ల్యాప్‌టాపు కొనవలెనో చెప్పువాడు మాత్రము సామాన్యముగా దానిని అమ్మువాడే.

జూరాల నీటితో వరియో, మెట్ట చేలలో వేరుశనగయో పండించు ఇంటికి ఇరువది వేల రూపాయలనగా ఒక పంట మిగులులో మంచి భాగము. తప్పు యంత్రము కొన్నచో మరుసటి ఏట మరియొకటి కొనుటకు వీలుండదు. మూడేండ్లో నాలుగేండ్లో సాగు చదువు దానితోనే గడువవలెను. అందుచేత ఈ ప్రసంగములో చవకగా దొరకు ఒక తరగతి యంత్రములను గూర్చి, అనగా క్లౌడు ల్యాప్‌టాపులను గూర్చి, కొంత వివరముగా ముచ్చటింతము. అవి ఎందువలన చవక, ఎవరికి నిజముగా చవక, ఎవరికి చవకగా కనబడి ఖరీదగును అను మూడు సంగతులు తెలిసినచో ఎన్నిక సులభమగును.

క్లౌడు ల్యాప్‌టాపు అనగా నేమి? రేడియో ఉన్న ఇంట ఈ సంగతి వివరించుట తేలిక. గ్రామఫోనులో పాట వినవలెనన్న ఆ పాట రికార్డు మన ఇంట ఉండవలెను. నూరు పాటలు కావలెనన్న రికార్డులకు బీరువా కావలెను. రేడియోకు ఆ బీరువాతో పని లేదు. పాట కేంద్రములో ఉన్నది. మన పెట్టె దానిని అందుకొని వినిపించును. సాధారణమైన ల్యాప్‌టాపు గ్రామఫోనువంటిది. వ్రాయు సాధనము, లెక్కలు వేయు సాధనము, వ్రాసిన కాగితములు, అన్నియు దాని కడుపులోనే ఉండును. అందుచేత దానికి పెద్ద జ్ఞాపకము, పెద్ద నిలువ, బలమైన ప్రాసెసరు కావలసివచ్చును. క్లౌడు ల్యాప్‌టాపు రేడియోవంటిది. పని చాల భాగము ఎక్కడనో ఉన్న పెద్ద కంప్యూటర్లలో జరుగును. మన ముందున్న యంత్రము తెరయు, కీబోర్డును, ఇంటర్నెట్టును అందుకొను ద్వారమును మాత్రమే. దాని ధర తగ్గుటకు కారణమిదియే. దాని బలహీనతకును కారణమిదియే. అల అందనిచోట రేడియో మూగవోవును. గ్రామఫోను మాత్రము పాడుచునే యుండును.

క్లౌడు అను మాటకు మేఘమని అర్థమైనను, ఆ కంప్యూటర్లు ఆకాశములో లేవు. వేలకొలది యంత్రములు వరుసలుగా పేర్చి, రాత్రింబవళ్ళు విద్యుత్తు నిచ్చి, వేడెక్కకుండ చల్లబరచు పెద్ద భవనములలో ఉన్నవి. అమెజాను సంస్థ 2022 నవంబరులో అట్టి భవనముల సముదాయమును మన హైదరాబాదు ప్రాంతముననే ప్రారంభించినది. మన విద్యార్థి వ్రాసికొనిన కాగితము అచ్చటనే యుండునని కాదు. అది ఏ దేశములోని భవనములోనైన ఉండవచ్చును. మబ్బు అనునది ఇతరుల స్థలములో ఇతరుల యంత్రమని గుర్తుంచుకొనుటయే మనకు ముఖ్యము.

ఈ ఊహ కొత్తది కాదు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ శతవార్షికోత్సవములు జరిగిన 1961లో జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు, టెలిఫోనువలెనే గణనశక్తియు ఒకనాడు ప్రజలందరు వాడుకొను సేవ కావచ్చునని చెప్పియుండెను. 1990ల నడుమ కొన్ని సంస్థలు నెట్‌వర్క్ కంప్యూటరను పేర తక్కువ ధర యంత్రములను తెచ్చినవి. అప్పటి ఇంటర్నెట్టు నెమ్మదివలన, మామూలు కంప్యూటర్ల ధరలే దిగివచ్చుటవలన అవి నిలువలేదు. గూగులు సంస్థ 2009లో క్రోమ్ ఓఎస్ అను వ్యవస్థను ప్రకటించినది. ఆ వ్యవస్థతో నడచు క్రోమ్‌బుక్కులు 2011లో అమ్మకమునకు వచ్చి, 2013లో మన దేశపు అంగళ్ళకు చేరినవి. 2015లో 12,999 రూపాయల క్రోమ్‌బుక్కులు ఇచ్చట వెలువడినవి. 2023 అక్టోబరు 2వ తేదీనుండి హెచ్‌పీ సంస్థ వాటిని చెన్నై దగ్గర తయారుచేయ నారంభించినది. ఆ సంవత్సరమే రిలయన్సు వారు 16,499 రూపాయలకు జియోబుక్కు అను యంత్రమును విడుదల చేసిరి. అది కిలోగ్రాముకంటె తక్కువ బరువుతో, సిమ్ము నేరుగా యంత్రములోనే వేసికొను వీలుతో వచ్చినది. ఇట్లు అరువది ఏండ్లనాటి ఊహ ఈనాడు మన మండల కేంద్రపు విద్యార్థి చేతికి అందు దూరములో ఉన్నది.

ధర ఒక్కటే చూచుకొని మురిసినచో ఏమగునో తెలిసికొనుటకు మన దేశములోనే ఒక పాఠమున్నది. 2011 అక్టోబరు 5వ తేదీన ఢిల్లీలో ఆకాశ్ అను టాబ్లెట్టును కేంద్ర ప్రభుత్వము విడుదల చేసినది. 35 డాలర్ల యంత్రమని అది ప్రపంచమంతట వార్తలకెక్కినది. మొదటి యంత్రముల కూర్పు మన హైదరాబాదులోనే జరిగినది. విద్యార్థికి యంత్రము అందవలెనన్న ఆశయము మంచిదే. కాని దానిలో 366 మెగాహెర్ట్జుల ప్రాసెసరును, 256 ఎంబీల జ్ఞాపకమును, వ్రేలితో గట్టిగా అదిమినగాని పలుకని తెరయు ఉండెను. వాడిచూచిన విద్యార్థులు అది నెమ్మదియనియు, బ్యాటరీ త్వరగా దిగిపోవుచున్నదనియు చెప్పిరి. మరుసటి ఏడే దానికి బదులు మెరుగైన నమూనా తేవలసివచ్చినది. చదువునకు అక్కరకు రాని చవక వస్తువు ధర ఎంత తక్కువయైనను నష్టమే.

ఫోను ఉన్నది గదా, అది చాలదా అని అడుగువారున్నారు. పాఠము వినుటకు ఫోను చాలును. ఐఐటీల ఆచార్యుల పాఠములు 2003లో మొదలైన ఎన్‌పీటీఈఎల్ ద్వారా, ఇతర విశ్వవిద్యాలయముల పాఠములు 2017నుండి స్వయం ద్వారా అందుచున్నవి; అవి ఫోనులోను కనబడును. వ్రాయుటయందే చిక్కు. నలువది పుటల ప్రాజెక్టు నివేదికను, పట్టికలతోను పటములతోను, అరచేతిలో ఇమిడిన తెరమీద బొటనవ్రేళ్ళతో కొట్టుట ఎంత శ్రమయో చేసినవారికి తెలియును. మరియొక సంగతి. చాల ఇండ్లలో పెద్ద ఫోను ఒక్కటే. పగలెల్ల అది తండ్రితో పొలమునకో సంతకో పోవును. అన్న ఇంట ఉన్నచో అన్న చేతిలో ఉండును. డిగ్రీ చదువు కూతురికి అది చిక్కునప్పటికి రాత్రి పది దాటును. ఆమె తెలివి తక్కువై కాదు, వంతు రాక వెనుకబడుచున్నది. ఆమె బల్లపై ఆమెదైన యంత్రమొకటి ఉండుటలోని విలువ ఈ లెక్కలో మొదట వేసికొనదగినది.

ఇక ఎన్నిక సంగతి. మొదట చూడవలసినది యంత్రమును కాదు, పాఠ్యక్రమమును. బి.ఏ. విద్యార్థికి వ్రాయుట, చదువుట, వెదకుట ముఖ్యము. క్లౌడు యంత్రము వారికి చక్కగా సరిపోవును. తెలుగు టైపు చేయుటకును దానిలో వీలున్నది. బి.ఎస్సీ. వారిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములవారి నివేదికలకును, పట్టికలకును అది చాలును. కంప్యూటరు శాస్త్రము చదువువారు పైథాను, సి వంటి భాషలను దానిపై నేర్చుకొనవచ్చును. చాల క్రోమ్‌బుక్కులలో లైనక్సు వాతావరణమును తెరచుకొను వీలున్నది; బ్రౌజరులోనే ప్రోగ్రాములు నడపు ఉచిత సేవలును ఉన్నవి.

బి.కాం. దగ్గర ఆగి ఆలోచింపవలెను. ఖాతాలు వ్రాయు ట్యాలీ విండోసు యంత్రముకొరకు చేసిన సాధనము. క్రోమ్‌బుక్కుపై నేరుగా నడువదు. కళాశాల ప్రయోగశాలలో ట్యాలీ అభ్యాసమునకు తగినంత సమయము దొరకునా అని విచారించి, దొరకునన్నచో క్లౌడు యంత్రము తీసికొనవచ్చును. దొరకదన్నచో విండోసు యంత్రమే మేలు. ఇంజనీరింగు విషయము ఇంకను స్పష్టము. వనపర్తిలో 2021లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు కళాశాల వెలసినప్పటినుండి ఈ ప్రాంతపు పిల్లలు దగ్గరలోనే ఇంజనీరింగు చదువుచున్నారు. సివిలు, మెకానికలు శాఖలవారికి ఆటోక్యాడువంటి బరువైన సాధనములు కావలెను. వాటికి చవక క్లౌడు యంత్రము చాలదు. అట్టివారు కొంత ఆలస్యమైనను సొమ్ము కూడబెట్టి బలమైన యంత్రము కొనుట ఉత్తమము. కొన్ని ఆన్‌లైను పరీక్షలు విండోసు యంత్రములనే కోరును. మీ కోర్సులో అట్టి పరీక్షలున్నవేమో కళాశాలలో, అందును పై తరగతి విద్యార్థులను, అడిగి తెలిసికొనుడు. వారి మాట విక్రేత మాటకంటె నమ్మదగినది.

రెండవది దారి. క్లౌడు యంత్రమును కొనుటయనగా ఇంటర్నెట్టు దారిని గూడ కొనుటయే. ఆ దారి మన ఇంటివరకు ఉన్నదా? బస్టాండు దగ్గర అందిన సంకేతము ఊరి చివర బండరాతి గోడల ఇంటిలో అందకపోవచ్చును. తెల్లవారుజామున పరుగెత్తిన ఇంటర్నెట్టు రాత్రి ఎనిమిది గంటలకు, ఊరంతయు ఫోనులు తెరచినప్పుడు, నడుమ విరిగినట్లు ఆగవచ్చును. అందుచేత యంత్రము కొనకముందు ఒక పరీక్ష చేయుడు. విద్యార్థి చదువుకొనబోవు గదిలోనే, చదువుకొనబోవు వేళలోనే, వారము దినములు ఫోనులో ఒక పాఠము పెట్టి చూడుడు. ఇంట పట్టిన సిమ్ములు రెండు సంస్థలవైనచో రెండును చూడుడు. పాఠము ఆగక సాగినచో దారి ఉన్నట్లే. ప్రతి ఐదు నిమిషములకు ఆగినచో క్లౌడు యంత్రము మీ ఇంటికి తగినది కాదు, ధర ఎంత తగ్గించినను.

దారికి సుంకమున్నది. సామాన్యమైన స్పష్టతతో గంటసేపు పాఠము చూచుటకు సుమారు అర జీబీ డేటా పట్టును. స్పష్టత పెంచినకొద్ది అది రెండింతలు, మూడింతలు అగును. దినమునకు ఒకటిన్నర జీబీ ఇచ్చు రీఛార్జిలో విద్యార్థి రెండు గంటల పాఠము విని, తక్కినది ఇంటివారి ఫోను వాడుకకు విడువవచ్చును. వ్రాతపనికి పట్టునది అత్యల్పము. కాబట్టి రీఛార్జి ఖర్చు చదువుకంటె సినిమాలవలన, ఆటలవలన పెరుగును. అదనపు డేటాకు నెలకు 200 రూపాయలు పెట్టవలసివచ్చినదనుకొనుడు. మూడేండ్లకు 7,200 రూపాయలు. 18,000 రూపాయలకు కొనిన యంత్రము 25,200 పడినట్లు. అంగడిలో చెప్పు ధర వెంట ఈ రెండవ ధరను గూడ వ్రాసికొని, అప్పుడు మామూలు ల్యాప్‌టాపుతో పోల్చి చూడవలెను.

దారి కొంతసేపు తెగినను పని సాగునట్లు చేసికొను ఉపాయమున్నది. వ్రాత సాధనములలో ఆఫ్‌లైను అను ఏర్పాటు కలదు. దానిని ముందుగా, ఇంటర్నెట్టు ఉన్నప్పుడే, తెరచి యుంచవలెను. అట్లు చేసినచో కరెంటు పోయి టవరు ఆగినను వ్రాయుట ఆగదు. దారి తిరిగి తెరచుకొనగానే వ్రాసినదంతయు దానంతటదే పైకి చేరును. గాలివాన వచ్చిన తరువాత ఈ ఏర్పాటును వెదకినచో దొరకదు. కావలసిన పాఠ్యపుస్తకములను గూడ కళాశాలలో వైఫై ఉన్నప్పుడే దించుకొని దాచుకొనుట మంచి అలవాటు.

మూడవది యంత్రపు ఒడలు. జ్ఞాపకము 4 జీబీకి తగ్గరాదు. స్తోమత ఉన్నచో 8 జీబీ మేలు. చవక యంత్రములలో జ్ఞాపకమును తరువాత పెంచుకొనుటకు సామాన్యముగా వీలుండదు. కొన్ననాటిదే కడవరకు. నిలువ 64 జీబీ ఉన్నచో చాలును. ఇదే 4 జీబీ, 64 జీబీలతో విండోసు యంత్రములును చవకగా అమ్ముదురు. వాటిలో వ్యవస్థయే సగము నిలువను ఆక్రమించి, పిదప వచ్చు నవీకరణలకు చోటు చాలక యంత్రము ఈడ్చుకొని నడచును. అంత చిన్న ఒడలికి తేలికైన క్లౌడు వ్యవస్థయే నప్పును. తెర పదకొండంగుళములదైనచో మోయుటకు తేలిక, గంటలకొలది చదువుటకు కన్నుల శ్రమ. వసతిగృహ విద్యార్థికి పదునాలుగంగుళముల తెర సుఖము. కీబోర్డును అంగడిలోనే పది పంక్తులు కొట్టి చూడవలెను. బ్యాటరీ ఎనిమిది గంటలకు తగ్గక నిలుచునా, ఛార్జరు ఇతర యంత్రములకును సరిపోవు సాధారణ రకమైనదా అని అడుగవలెను. యంత్రము చెడినచో బాగుచేయువారు మహబూబ్‌నగరులో ఉన్నారా, హైదరాబాదు పోవలెనా అనునదియు అప్పుడే తేల్చుకొనదగిన ప్రశ్న. ఒక దినము కూలి, రానుపోను బస్సు ఛార్జీ గూడ మరమ్మతు ఖర్చులోనివే.

నాలుగవది ఆయువు. ఇది చాలమంది కొనుగోలుదారులకు తెలియని సంగతి. క్రోమ్‌బుక్కునకు భద్రతా నవీకరణలు ఒక తేదీవరకే వచ్చును. 2023 సెప్టెంబరులో గూగులు సంస్థ ఈ గడువును పదేండ్లకు పొడిగించినది. 2021నుండి వెలువడిన నమూనాలకు అది వర్తించును. ఈ పదేండ్లు మనము కొనిన దినమునుండి లెక్కింపబడవు; ఆ తరగతి యంత్రము మొదట వెలువడిన దినమునుండి లెక్కింపబడును. అంగడి మూలలో నాలుగేండ్లు పడియున్న యంత్రము, అట్ట తీయని కొత్తదైనను, నాలుగేండ్లు ఆయువు పోగొట్టుకొన్నదే. గడువు తీరినను యంత్రము ఆగిపోదు. కాని దొంగలకు తలుపు తెరచియుంచినట్లగును. నమూనా పేరు వ్రాసికొని, గడువు తేదీని గూగులు ప్రకటించిన పట్టికలో చూచికొనవచ్చును. 13,000 రూపాయలకు రెండేండ్ల ఆయువు మిగిలిన యంత్రమును, 18,000 రూపాయలకు ఎనిమిదేండ్ల ఆయువు గల యంత్రమును పక్కపక్కన పెట్టి చూడుడు. మొదటిది ఏటికి 6,500 పడును, రెండవది 2,250. అన్న చదువు ముగిసిన పిమ్మట తమ్మునికో చెల్లెలికో పనికివచ్చునది రెండవదే. ఒకే యంత్రముపై ఇద్దరును వేర్వేరు ఖాతాలతో, ఒకరి వ్రాత ఒకరికి కనబడకుండ, పని చేసికొనవచ్చును గూడ.

ఇక దాచుకొను సంగతి. ఆత్మకూరువారికి దీనిని చెప్పుటకు ఇంటి ఉదాహరణమే ఉన్నది. కురుమూర్తి స్వామి ఆభరణములు కొండమీద ఉండవు. ఆత్మకూరులోని బ్యాంకులో భద్రముగా ఉండి, జాతర వేళ ఊరేగింపుగా కొండకు చేరి, ఉత్సవము ముగిసిన పిదప మరల బ్యాంకునకు వచ్చును. నగలు స్వామివి, కాపు బ్యాంకుది. క్లౌడులో దాచిన కాగితములును అట్టివే. యంత్రము పోయినను, నీట పడినను, వ్రాత పోదు. మరియొక యంత్రములో ఖాతా తెరచినచో యథాతథముగా కనబడును. గ్రామీణ విద్యార్థికి ఇది గొప్ప మేలు. అయితే బ్యాంకు లాకరునకు తాళపుచెవియు, నియమములును ఉన్నట్లే దీనికిని ఉన్నవి.

తాళపుచెవి అనగా పాస్‌వర్డు. దానిని మరచినచో తిరిగి పొందుటకు ఖాతాతో ముడిపెట్టిన ఫోను సంఖ్య ఆధారము. మన పిల్లలు చవక రీఛార్జి కొరకు సిమ్ములు మార్చుచుందురు. రీఛార్జి లేక నెలలకొలది పడియున్న సంఖ్య రద్దయి మరియొకరికి పోవచ్చును. అప్పుడు పాస్‌వర్డు మరచిన విద్యార్థి, తన మూడేండ్ల వ్రాతకు తానే పరాయివాడగును. అందుచేత ఇంటిలో ఎన్నడును మారని సంఖ్యను, తల్లిదో తండ్రిదో, ఖాతాకు జోడింపవలెను. నియమముల విషయము: గూగులు ఖాతాలో ఉచితముగా దొరకు చోటు 15 జీబీ, ఫొటోలు, ఉత్తరములు, కాగితములు అన్నియు దానిలోనే ఇమడవలెను. రెండేండ్లపాటు అసలు తెరువని ఖాతాను తొలగించు హక్కును ఆ సంస్థ ఉంచుకొన్నది. కళాశాల ఇచ్చిన ఖాతా కళాశాల విడిచిన పిదప మూతపడవచ్చును. కాబట్టి ప్రతి సెమిస్టరు చివర ముఖ్యమైన నివేదికలను, ధ్రువపత్రములను ఒక పెన్‌డ్రైవులోనికి దించి ఇంటి బీరువాలో ఉంచుట విధిగా పెట్టుకొనవలెను. కాపు ఎంత మంచిదైనను రెండవ ప్రతి మన చేతిలో ఉండవలెను.

కొత్త యంత్రమునకు స్తోమత లేనివారు నిరాశపడ నక్కరలేదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10నకు మైక్రోసాఫ్టు వారి సామాన్య సంరక్షణ ముగిసినది. కొత్త వ్యవస్థకు ఎదుగలేని పాత ల్యాప్‌టాపులెన్నో కార్యాలయములనుండి బయటపడుచున్నవి. 2022లో వెలువడిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్సు అను ఉచిత వ్యవస్థను అట్టి పాత యంత్రములలో చాలవాటిపై వేసికొనవచ్చును. 4 జీబీ జ్ఞాపకమున్న పాత యంత్రము దానితో తిరిగి చురుకు తెచ్చుకొనును. ఆండ్రాయిడు ఆప్‌లు మాత్రము దానిపై నడువవు. లైనక్సులోని తేలిక రకములును ఇట్లే ఉపయోగపడును. ముందుగా పెన్‌డ్రైవు నుండియే నడపి, తెర, వైఫై, శబ్దము సరిగా పనిచేయుచున్నవో లేదో చూచి, పిమ్మట లోపల వేసికొనుట క్షేమము. పాత యంత్రము కొనునప్పుడు బ్యాటరీ ఎంతసేపు నిలుచునో కూర్చుండి చూడవలెను. కొనిన రసీదు అడిగి తీసికొనవలెను. రసీదు లేని చవక యంత్రము ఎవరి ఇంటినుండి వచ్చినదో తెలియదు.

ఆత్మకూరు, గద్వాల, వనపర్తి ఒకప్పుడు సంస్థానములు. అప్పుడు విద్వాంసులు ఆదరణ కోరి ప్రభువుల వాకిటికి వచ్చెడివారు. గ్రంథము కావలెనన్న అది ఉన్న ఇంటికే పోవలసియుండెను. ఇప్పుడు దేశములోని పెద్ద ఆచార్యుల పాఠమును, పెద్ద గ్రంథాలయముల పుస్తకమును ఒక పల్లెటూరి గదిలోనికి తెచ్చు సాధనము పదునెనిమిది, ఇరువది వేలకు దొరకుచున్నది. తెచ్చునది యంత్రము, చదువవలసినది విద్యార్థి. వాయిదాల మీద కొనువారు వడ్డీ గూడ కలిపి మొత్తమెంతయో కాగితముపై వ్రాయించుకొని సంతకము చేయవలెను.

కావున తల్లిదండ్రులారా, అంగడికి పోకముందు ఒక సాయంత్రము పిల్లలతో కూర్చుండుడు. ఏ కోర్సు, ఏ సాధనములు కావలెను అని వారినే చెప్పనిండు. చదువు గదిలో సంకేతమెట్లున్నదో కలిసి చూడుడు. జ్ఞాపకమెంత, నవీకరణల గడువెప్పటివరకు, మరమ్మతు ఎక్కడ అను మూడు ప్రశ్నలు ఒక చీటిపై వ్రాసికొని పోయి, విక్రేత జవాబులను దానిపైననే వ్రాసికొనుడు. యంత్రము ఇంటికి వచ్చిననాడే ఆఫ్‌లైను ఏర్పాటు తెరచి, ఖాతాకు ఇంటి సంఖ్య జోడించి, రసీదును వారంటీ కాగితమును పట్టాదారు పాసుపుస్తకము పక్కన భద్రపరచుడు. ఈ నాలుగు పనులకు ఒక గంట చాలును. ఆ గంట పెట్టినచో ఇరువది వేలు మూడేండ్ల చదువునకు నిజముగా ఉపకరించును.